కిడేగా కోసం డోలు

లమారో మా ఊరికి వచ్చిన ఏడాది నువ్వుల పంట బాగా పండింది. యుద్ధం సద్దుమణిగి, శిబిరం నుంచి ఇళ్ళకు తిరిగొచ్చాక నేల మాకు కడుపునిండా పెట్టిన మొదటి పంట అదే. పెరళ్ళలో నువ్వుల కట్టలు నిలబెట్టి ఆరబెట్టుకుంటున్న రోజులు. కిట్‌గుమ్ పట్నం నుంచి వచ్చే మోటారుసైకిల్ వెనక కూచుని, సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చి దిగింది ఆ అమ్మాయి. కంపాలాలో పెద్ద చదువు చదువుతోందట. మా అచోలీ తెగ పిల్లే. తండ్రి వాళ్ళది పగేర్ నదికి అవతలి ఊరు. చావు నాట్యాలనీ వాటి పాటలనీ రికార్డు చేసి, ఎవరు పాడారో, ఎవరి కోసం పాడారో తెలుసుకోవడం తన పని అని చెప్పింది.

నా పేరు ఒచాయా. మా వంశంలో చావు డోలు కొట్టేది నేనే. అందుకని పెద్దలు ఆమెను మా ఇంటికే పంపారు. నా భార్య ధాన్యపు గాదె పక్కనున్న గుడిసె అలికి, చాప వేసి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమె సంచి విప్పింది. గాలి హోరు పడకుండా మైకుకి బూడిదరంగు బొచ్చు తొడుగు ఉంది. పిల్లలు దాన్ని చూడగానే "చచ్చిన కుందేలు!" అని అరుచుకుంటూ చుట్టూ మూగారు.

"బాబాయ్, చావు డోలు ఒక్కసారి కొట్టి వినిపిస్తావా?" అని అడిగింది.

మా వంశానికి పెద్ద ఒపోకా తాత అప్పటికే వచ్చి నీడలో కూచుని, కుండలో పొడుగాటి గొట్టం పెట్టుకుని జొన్న కల్లు పీలుస్తున్నాడు.

"ఎవరు పోయారే పిల్లా?" అన్నాడు.

"ఎవరూ పోలేదు తాతా."

"ఎవరూ పోకుండా ఆ డోలు మోగితే ఎవరో ఒకరు పోవాల్సొస్తుంది. నువ్వు పోతావా మరి?"

"పోతాను గానీ, అప్పుడు రికార్డు చేసేదెవరు తాతా?"

ఒపోకా తాతకి కల్లు పొరబోయింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని, "నోరున్న పిల్లే. ఉండనీ" అన్నాడు.

తాత వెళ్ళాక నాకే మనసొప్పలేదు. అంతదూరం వచ్చిన పిల్ల కదా అని నీళ్ళు తెచ్చే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి దానిమీద వాయించి చూపించాను. డబ్బా చప్పుడు చచ్చినవాళ్ళను లేపదులే అనుకున్నాను. లమారో కళ్ళు మూసుకుని విన్నది. మళ్ళీ కొట్టమంది. మళ్ళీ విన్నది.

"బాబాయ్, ప్రతిసారీ ఒకచోట చెయ్యి ఆగిపోతోందేం? అక్కడొక దెబ్బ పడాలి కదా. మిగతా ఊళ్ళలో పడుతోంది."

నవ్వుతూ కుడిచేతి నడిమి వేలు చూపించాను. "ఇదేం మా వంశం గొప్ప కాదమ్మా. ఎద్దు చేసిన పని. చిన్నప్పుడు కాడి కింద పడి నలిగింది. వంగదు. రాని దెబ్బ ఎలా కొట్టను? వదిలేస్తాను."

ఆ డోలు అసలైన చప్పుడు కోసం ఆమె ఓపిగ్గా ఉండిపోయింది. ఈలోగా పిల్లల ఆటపాటలు, కుర్రాళ్ళు సోరకాయ బుర్రల మీద వాయిస్తూ ఆడే ఆటలు, కళ్ళం దగ్గర పాటలు రికార్డు చేసింది. పని లేనప్పుడు నా భార్యతో కలిసి కందులు చెరిగేది. ఒకరోజు అడిగింది, "పిన్నీ, చావు ఆటలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తేదెవరు?"

నా భార్య చేట ఆపింది. "ఎత్తేది మా అక్క. ఇప్పుడు ఎత్తదు" అంది.

నా భార్య అక్క అనేది మా అన్న భార్య యునీసిని. మా వదిన. మాలో మనిషి పోగానే పూడ్చేస్తాం. తరవాత ఎన్నాళ్ళకో, పంట చేతికొచ్చి, బంధువులందరికీ తిండి పెట్టగలిగినప్పుడు చివరి కర్మ చేస్తాం. మగవాళ్ళు ఈటెలు పట్టి ఆడతారు. ఆడవాళ్ళ వరస ముందు నిలబడి ఒకామె పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఎత్తి, వాళ్ళ మంచీ, మొండితనం, తిండి యావ, పెళ్ళాంతో తగాదాలు అన్నీ పాడుతుంది. ఏడ్చేవాళ్ళు నవ్వుతారు, నవ్వేవాళ్ళు ఏడుస్తారు. అలా పాడటంలో యునీసిని మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. నదికి అవతలి ఊళ్ళవాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు.

ఆమె కొడుకు కిడేగా. ఇంకా గొంతు మారని వయసులో, పగేర్‌కి నీళ్ళ కోసం వెళ్ళినవాణ్ణి అడవిలో ఉండే తిరుగుబాటువాళ్ళు పట్టుకుపోయారు. డబ్బా గట్టుమీద దొరికింది. తరవాత సైన్యం మమ్మల్నందరినీ శిబిరానికి తోలింది. అక్కడ కలరా వచ్చి మా అన్న పోయాడు. కొన్నాళ్ళకు పట్టుకుపోయిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చారు. కిడేగా రాలేదు. వదిన పాడటం మానేసింది. ఒకసారి నేను అడిగితే, "పాట నోట్లోకొస్తే వాడి పేరూ వస్తుంది ఒచాయా. రానివ్వను" అంది.

నువ్వులు దులపడం అయ్యాక పెద్దలు కూచున్నారు. శిబిరంలో పోయినవాళ్ళందరికీ కలిపి ఒకేసారి చివరి కర్మ చెయ్యాలని తేల్చారు. పేర్లు చెప్పుకుంటూ వచ్చి, ఒపోకా తాత చివర్న, "కిడేగా" అన్నాడు.

ఆడవాళ్ళలోంచి వదిన లేచింది.

"వాడు పోయాడని ఎవరు చెప్పారు తాతా?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఇన్నేళ్ళయింది. రావాల్సినవాళ్ళు వచ్చేశారు. మన ఇళ్ళల్లో పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నారు. వాడి ఆత్మ దారి దొరక్క తిరుగుతోందేమో. శవం లేకపోతే మనిషికి బదులు యాగో చెట్టు కాయ పూడుద్దాం. మన తాతలూ అదే చేశారు."

"కాయని పూడుస్తారా? రేపు నా కొడుకు నడుచుకుంటూ వస్తే ఏం చెప్పమంటారు? నిన్ను పూడ్చేశాం నాయనా, కల్లు కూడా తాగేశాం, వెళ్ళిపో అని చెప్పనా?"

ఆమె వెళ్ళిపోయింది. పాటెత్తే మనిషి లేకుండా ఎలా అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

ఒపోకా తాత లమారోని పిలిచి, "చదువుకున్నదానివి, నువ్వు చెబితే వింటుందేమో, మెల్లగా ఒప్పించు" అన్నాడు. లమారో తలొంచుకుంది. "నాకు ఆ పాట కావాలి తాతా. కావాల్సినదాన్ని నేనే వెళ్ళి ఒప్పించకూడదు" అంది.

కానీ వదిన దగ్గరికి వెళ్ళడం మానలేదు. సంచి మా ఇంట్లో పెట్టి, ఒట్టి చేతులతో వెళ్ళేది. నీళ్ళు మోసేది. వేయించిన నువ్వులు ఎత్తి ఇస్తుంటే వదిన రాతిమీద ముద్దగా నూరేది. వదిన ఆమెను కసురుకునేది కూడా. "ఏం పిల్లవే, కంపాలాలో నీకు చీపురు పట్టుకోవడం నేర్పలేదా?" అనేది. ఆ కసురులో కోపం లేదని నా భార్య కనిపెట్టింది.

ఒక మధ్యాహ్నం లమారో వదిన ఇంటినుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నేను ఈటె కర్ర చెక్కుతున్నాను.

"బాబాయ్, నూరేటప్పుడు పెద్దమ్మ పాడుకునే పాట ఎవరిది?"

"పాడుతోందా?" అన్నాను ఆశ్చర్యంగా.

"పాట కాదు, కూనిరాగం. తనకే తెలియకుండా పాడుతోంది." అని మెల్లగా పాడి వినిపించింది.

నూరవే నూరవే నువ్వుల ముద్ద
నాకిందెవరే మొదటి ముద్ద
కుక్కా నాకలేదు, కోడీ నాకలేదు
గుమ్మంలో ఉన్నాడు తెల్లమూతి వాడు

"ఆమెదే. మొదటి రెండు ముక్కలూ అన్ని ఇళ్ళలో ఉన్నవే. తెల్లమూతి వాడు మాత్రం ఆమె కట్టింది. కిడేగా దొంగతనంగా ముద్ద తిని మూతి తుడుచుకునేవాడు కాదు."

"ఈ పాట నా దగ్గరుంది బాబాయ్. నిరుడు కిట్‌గుమ్‌లో ఒకామె పాడింది. అడవిలో నేర్చుకున్నానని చెప్పింది."

చేతిలో కత్తి కింద పెట్టాను. వినిపించమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎవరికీ వినిపించనని ఆమెకు మాటిచ్చాను. ముందు ఆమెను అడగాలి. ఒక్కదాన్నీ వెళ్ళలేను. నువ్వు కూడా రా."

వదినకు ఏమీ చెప్పకుండా ఇద్దరం కిట్‌గుమ్ వెళ్ళాం. ఆమె పేరు అచాన్. బజార్లో ఒక కొట్టు అరుగుమీద కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుడుతోంది. పక్కన చిన్న కూతురు గుడ్డముక్కలతో ఆడుకుంటోంది. లమారోని చూసి నవ్వింది గానీ, నన్ను చూడగానే నవ్వు ఆపేసింది. మగవాళ్ళ దగ్గర ఆమెకు అలవాటైన జాగ్రత్త అది. నేను అరుగు దిగి కింద నేలమీద కూచున్నాను.

లమారో సంగతి చెప్పింది. అచాన్ మిషను చక్రం చేత్తో పట్టి ఆపింది.

"అతని పేరు నాకు తెలీదు. అక్కడ అసలు పేర్లు చెప్పుకునేవాళ్ళం కాదు. చెబితే ఇంటిమీద పడతారని భయం. తెల్లమూతి అని పిలిచేవాళ్ళం, ఆ పాట వల్ల. ఎప్పుడూ వేళ్ళు ఊరుకునేవి కావు. డబ్బా మీద, చిప్ప మీద, ఆఖరికి నా వీపుమీదున్న మూట మీద కూడా కొడుతూ నడిచేవాడు."

"ఏం కొట్టేవాడు?" అన్నాను.

ఆమె మిషను బల్లమీద వేళ్ళతో కొట్టింది. చావు డోలు. కొడుతూ కొడుతూ ఒకచోట చెయ్యి ఆపింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అక్కడే ఆపింది.

చిన్నప్పుడు కిడేగా నా పక్కనే కూచుని నన్ను చూసి నేర్చుకున్నాడు. వాడి వేళ్ళన్నీ బాగానే ఉండేవి. ఆ ఖాళీ కూడా డోలులో భాగమే అనుకున్నాడు పిచ్చినాయన. బజారు మధ్యలో, అంతమంది తిరుగుతుంటే, మొహం మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాను.

అచాన్ కూతుర్ని తీసుకుని మాతో ఊరికి బయల్దేరింది. రమ్మని మేం బలవంతపెట్టలేదు. "పాట మటుకే తీసుకెళితే ఆ తల్లి ఏం చేసుకుంటుంది? అడగాల్సినవి చాలా ఉంటాయి" అంది, అంతే.

వదిన గుమ్మంలో కూచుని గింజలు ఏరుతోంది. నేను చెప్పాల్సింది చెప్పలేకపోయాను. అచానే ఆమె ఎదురుగా మోకాళ్ళమీద కూచుని, మెల్లగా ఆ పాట పాడింది. వదిన చేతిలో చేట పక్కకు ఒరిగి గింజలు ఒలికిపోయాయి. ఏరడానికి ఎవరూ వంగలేదు.

"ఎక్కడున్నాడు?" అంది వదిన.

"సరిహద్దు దాటాక కొండల్లో అమ్మా. ఎండాకాలం. సైనికులు వెంటపడితే మమ్మల్ని ఆపకుండా నడిపించారు. నీళ్ళు లేవు. అతని కాలు వాచిపోయింది."

"కొట్టారా వాణ్ణి?"

"నడవలేనివాళ్ళను బతకనిచ్చేవాళ్ళు కాదు. కానీ వాళ్ళు వెనక్కి చూసేలోపే పోయాడు. తెల్లవారుతుండగా. తల నా ఒళ్ళో ఉంది. నా డబ్బాలో మూతెడు నీళ్ళు మిగిలితే పెదాలు తడిపాను."

"ఒక్కడే లేడు."

"లేడమ్మా. నేనున్నాను."

"భయపడ్డాడా?"

అచాన్ ఆలోచించింది. ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పే మనిషి కాదామె. "ముందురోజు భయపడ్డాడు. ఆఖర్న లేదు. నాకు పాట నేర్పుతున్నాడు. కుక్క ముందు, కోడి తరవాత, సరిగ్గా పాడు అని తిట్టాడు."

వదిన నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. "నన్నూ అలాగే తిట్టేవాడు" అంది.

"పచ్చి ఆకులు కప్పాను. తలవైపు ఒక రాయి పెట్టాను. అంతకంటే ఉండనివ్వలేదు."

వదిన లేచి లోపలికెళ్ళింది. నువ్వుల ముద్ద కలిపిన పుల్లకూర, సంకటి తెచ్చి అచాన్ ముందూ ఆ పసిదాని ముందూ పెట్టింది. తిన్నంతసేపూ పక్కనే కూచుంది. లమారో సంచి ఆ రోజు మా గుడిసెలోనే ఉంది.

మర్నాడు పొద్దున వదిన మా పెరట్లోకొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"డోలు తోలు ఎండబెట్టావా ఒచాయా?"

"ఎండబెడతాను వదినా."

"బాగా ఎండనీ. నా గొంతు బొంగురుపోయింది. నీ డోలు కూడా మూలిగితే పరువు పోతుంది."

కర్మ రోజున పక్క ఊళ్ళనుంచి కూడా జనం వచ్చారు. మేకల్ని కోశారు. కల్లు కుండలు వరసగా పెట్టారు. పొద్దున్నే ఇంటి వెనక, మా అన్న సమాధి పక్కన చిన్న గొయ్యి తవ్వి, తెల్లగుడ్డ చుట్టిన యాగో కాయను దింపాం. వదిన తనే మట్టి వేసింది.

మధ్యాహ్నం దాటాక ఆట మొదలవబోతుంటే గొడవ వచ్చింది. వదిన అచాన్ చెయ్యి పట్టుకుని ఇంటి ఆడపడుచుల వరసలో నిలబెట్టింది. ఒపోకా తాత ఈటె నేలకు పొడిచాడు.

"ఆ పిల్లకి అన్నం పెట్టాం, చోటిచ్చాం. బాగానే ఉంది. ఆ వరస మాత్రం మన రక్తానిది. అడవిలో ఏమేం చేసి వచ్చిందో ఎవరికి తెలుసు?"

అచాన్ చెయ్యి విడిపించుకోబోయింది. ఆమెకు ఆ మాట కొత్త కాదు. సొంత అన్నలే ఆమెను ఇంట్లో ఉండనివ్వలేదని తరవాత తెలిసింది. వదిన చెయ్యి వదల్లేదు.

"వాడి నోట్లో చివరి నీళ్ళు పోసిందెవరు తాతా? నువ్వా? నేనా? మనమందరం శిబిరంలో రేషను వరసలో నిలబడి ఉన్నాం. ఈమె వాడి పక్కన కూచుంది. ఈ వరసలో ఈమెకు చోటు లేకపోతే నాకూ లేదు. పాట నువ్వే ఎత్తు."

"తాత ఎత్తితే చచ్చినవాళ్ళు మళ్ళీ చస్తారు!" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అంది. గుంపంతా నవ్వేసింది. తాత నవ్వలేదు. అచాన్ వైపు చాలాసేపు చూశాడు. తరవాత ఈటె పెరికి భుజాన పెట్టుకుని, "కొట్టరా ఒచాయా, పొద్దు వాలిపోతోంది" అన్నాడు.

కొట్టాను. మగవాళ్ళు ఈటెలు ఎత్తి దూకారు. దుమ్ము లేచింది. వదిన మొదట మా అన్న పేరెత్తింది. అతని గురక గురించి పాడితే ముసలివాళ్ళు కూడా నవ్వారు. శిబిరంలో పోయిన పసివాళ్ళ పేర్లు ఎత్తింది. బొంగురుపోయిన గొంతు పాడుతున్న కొద్దీ విచ్చుకుంది. చివరికి కిడేగా వంతు వచ్చింది. ఆమె ఆగింది. నేను డోలు ఆపలేదు. ఆపితే ఆమె ఇక ఎత్తలేదని తెలుసు.

నీళ్ళకు పంపాను నాయనా, నది పక్కనే ఉందన్నాను
నది దాటించారు నిన్ను, కొండ దాటించారు
నీళ్ళే దొరకలేదు నాయనా నీకు
ఎవరి కన్నబిడ్డో మూతెడు పోసింది
నా కడుపున పుట్టని నా కూతురు

ఆడవాళ్ళు చివరి మాట అందుకుని మళ్ళీ మళ్ళీ పాడారు. అచాన్ మొదట పాదాలే కదిపింది. తరవాత గొంతు కలిపింది. లమారో మైకు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. కన్నీళ్ళు గడ్డం మీదనుంచి కారుతున్నా చెయ్యి కదలనివ్వలేదు.

మర్నాడు లమారో రికార్డు వదినకు వినిపించింది. వదిన రికార్డు వినే గొట్టాలు చెవులకు పెట్టుకుని మొత్తం విన్నది. "ఒపోకా తాత దగ్గు నా పాటకంటే గట్టిగా వినపడుతోంది" అని విసుక్కుంది. తరవాత అడిగింది, "ఇది పరాయివాళ్ళు వింటారా?"

"చదువుకునేవాళ్ళు వింటారు పెద్దమ్మా. వద్దంటే కిడేగాది ఎవరికీ వినిపించను."

వదిన బయటికి చూసింది. వాకిట్లో అచాన్ కూతురు కోళ్ళను తరుముతోంది.

"వినిపించు. కానీ వాడొక్కడే పోలేదు కదా ఆ కొండల్లో. మిగతా పిల్లలకీ ఏవో పాటలుండి ఉంటాయి. ఈ అచాన్‌కి అవి గుర్తున్నాయేమో అడుగు. ముందు ఆ తల్లులకు వినిపించు. చదువుకునేవాళ్ళ సంగతి తరవాత."

అచాన్‌కి గుర్తున్నాయి. ఒప్పుకోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. వానలు మొదలయ్యేలోపు లమారో ఆమెతో కలిసి మోటారుసైకిల్ మీద ఊళ్ళు తిరిగింది. ఒకచోట ఒక తండ్రి, పశువులు కాసేటప్పుడు తన కూతురు ఊదే ఈలని గుర్తుపట్టాడు. ఒకచోట తలుపు మొహానే వేసేశారు. చాలాచోట్ల ఆ పాటలు ఎవరివో తెలియలేదు. లమారో కంపాలా వెళ్ళాక కూడా సెలవులొస్తే ఆ పనిమీదే వచ్చేది. అచాన్ కిట్‌గుమ్‌లోనే కుట్టుపని చేసుకుంటోంది. నాట్ల పనులకీ కోతలకీ మా వదిన ఇంటికి వస్తుంది. ఒపోకా తాత మనవడి బడిచొక్కా ఆమే కుట్టింది.

ఆ తరవాత పంటకి నది అవతలి ఊరివాళ్ళు చివరి కర్మకు వదినను పిలవడానికి వచ్చారు. ఆమె తువ్వాలు నడుముకు చుట్టుకుని బయల్దేరింది. నేను డోలు భుజాన వేసుకుని వెనక నడుస్తున్నాను. రేవు దగ్గర నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. నడిమధ్యలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమిటా నడక ఒచాయా? నువ్వు తడిస్తే ఆరతావు, డోలు తడిస్తే ఆరదు. నెత్తిన పెట్టుకో."

నెత్తిన పెట్టుకున్నాను. అవతలి గట్టున జనం అప్పటికే ఎదురుచూస్తున్నారు.